పిలువని పేరంటము

అంగడిలో చేపను కొనువారు మొదట తూకమును చూడరు. చెంపవద్దనున్న మూతను బొటనవ్రేలితో ఎత్తి, లోపలి మొప్పను చూతురు. మొప్ప ఎఱ్ఱగా, తడిగా నిగనిగలాడుచున్నచో చేప తాజాది. వెలిసి బూడిదరంగుకు తిరిగినచో నిలువయున్నది. ఈ పరీక్షను ఏ పాఠశాలయు నేర్పలేదు. కాకినాడ రేవునందైనను, విశాఖపట్టణపు బజారునందైనను, చేపలబుట్ట యెదుట కూర్చుండి బేరమాడు ప్రతి గృహిణికిని ఇది తెలిసినదే.

ఒకప్పుడు ఒక దేశమువారు ఒక సముద్రపు చేపలను పట్టి, వేరొక సముద్రమునందు వదలిరి. ఆ చేపలు మేలైనవి, విలువైనవి. వానిని తెచ్చినవారికి కీడుచేయు తలంపు లేశమును లేదు. కాని ఆ చేపల మొప్పలలో ఏమున్నదో విచారించినవారు లేకపోయిరి. కొలది సంవత్సరములలోనే, 1936లో, ఆ రెండవ సముద్రపు సొంత చేపలు గుంపులుగుంపులుగా చచ్చి తేలినవి. చంపినది పెద్ద మృగము కాదు. రెండంగుళముల పొడవైనను లేని ఒక మెత్తని పురుగు. దాని చరిత్ర జీవశాస్త్ర విద్యార్థులును, ఉపాధ్యాయులును తెలిసికొనదగినది.

ఊపిరి ఆడుచోటు

మొప్ప యనగా చేపకు ఊపిరితిత్తి వంటిది. చేప నోటితో నీటిని పుచ్చుకొని, మొప్పల మీదుగా వెలుపలికి విడుచును. మొప్పలో విల్లువలె వంగిన ఆధారములు కొన్ని కలవు. ఒక్కొక్క వింటికి దువ్వెన పండ్లవలె సన్నని తంతువులు వరుసగా అమరియుండును. ప్రతి తంతువునకు ఇరుప్రక్కల మిక్కిలి పలుచనైన రేకులు దొంతరలుగా నుండును. ఆ రేకుల వెలుపల నీరు, లోపల నెత్తురు. రెండింటికిని నడుమ సన్నని పొర మాత్రమే అడ్డము. ఆ పొరగుండ నీటిలోని ప్రాణవాయువు నెత్తురులోనికి చొచ్చును. నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు నీటిలోనికి వెడలును.

గాలిని పీల్చు మనకు ప్రాణవాయువునకు కొదువ లేదు. నీటిలో బ్రతుకు చేప సంగతి అట్టిది కాదు. ఒక లీటరు గాలిలోనుండు ప్రాణవాయువులో సుమారు 30వ వంతు మాత్రమే ఒక లీటరు నీటిలో కరగియుండును. అంత స్వల్పమైనదానిని వడగట్టి తీసికొనవలెను గనుకనే మొప్పకు అన్ని తంతువులు, అన్ని రేకులు కావలసివచ్చినవి. అందులో కొంతభాగము చెడినను చేపకు ఆయాసము తప్పదు. ఎక్కువభాగము చెడినచో, చుట్టును నీరుండగనే చేప ఊపిరాడక చచ్చును.

చేపకు ఇంత ప్రాణప్రదమైన ఈ చోటే పరాన్నజీవికి మంచి నివాసము. పైన మూత యున్నది గనుక రక్షణ కలదు. క్రొత్తనీరు ఎడతెగక వచ్చుచుండును. ఆహారమునకు వెదకనక్కరలేదు, పలుచని పొర క్రిందనే నెత్తురు ప్రవహించుచుండును. సముద్రపు చేపల మొప్పలను ఆశ్రయించి బ్రతుకు క్రిములు వేలాది జాతులు గలవనుటలో ఆశ్చర్యము లేదు. వానిలో అధికభాగము బల్లపరుపు క్రిముల వర్గమునకు చెందినవి.

జలగ అనుకొన్న పురుగు

మన కథలోని పురుగు పేరు నిట్షియా స్టురియోనిస్. ఆకువలె పలుచనై, తెల్లగా నుండును. పొడవు సాధారణముగా ఒకటి రెండు సెంటీమీటర్లు. తోకవైపున గుండ్రని పెద్ద చూషకము ఒకటి కలదు. దానిలో చిన్న చిన్న కొక్కెములును ఉండును. తలవైపున నోటికి ఇరుప్రక్కల మరి రెండు చిన్న చూషకములు. వెనుక చూషకముతో మొప్పను పట్టుకొని నిలిచి, ముందుభాగమును చాచుచు ముడుచుచు అది మేయును. మొప్పల పైని, నోటి లోపలి గోడల పైని దీని నివాసము.

ఈ విధముగా సాగుచు ముడుచుకొనుచు నుండు పురుగును చూచినవారు జలగ యనుకొనుట సహజము. అట్లే జరిగినది. డెన్మార్కు దేశమున పశువైద్య విద్యకు పునాది వేసిన ఆబిల్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు 1794లో దీనికి పేరు పెట్టుచు జలగల జాతిలోనే చేర్చెను. స్టర్జన్ అను చేపపై దొరకినందున 'స్టర్జన్ జలగ' యని అర్థమిచ్చు లాటిన్ నామము నొసగెను. పిమ్మట 1826లో ఫాన్ బేర్ అను మరియొక పండితుడు ఇట్టి పురుగునకు ప్రత్యేకమైన ప్రజాతి నేర్పరచి, జర్మనీ దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడైన నిట్ష్ పేరిట నిట్షియా యని నామకరణము చేసెను.

ఈ ఫాన్ బేర్ సామాన్యుడు కాడు. మరుసటి సంవత్సరము 1827లో, పాలిచ్చు జంతువుల అండమును మొదటిసారిగా కనుగొని లోకమునకు తెలిపినవాడు ఇతడే. పిండోత్పత్తి శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడు. విశేష మేమనగా, తరువాత 1850ల దశకములో ఇతడే రష్యా ప్రభుత్వము కోరగా కాస్పియన్ సముద్రమునకు పోయి, అచ్చటి చేపలవేటను గూర్చి ఏండ్లతరబడి పరిశోధించెను. తాను పేరు పెట్టిన ప్రజాతికి చెందిన పురుగు, కాస్పియన్ చేపలతోపాటు పయనించి, ప్రక్క సముద్రమునకు చేటు తెచ్చునని ఆ మహనీయుడు ఊహించియుండడు.

ఒకే ఇంటి బ్రతుకు

నిట్షియా మోనోజీనియా అను తరగతికి చెందినది. మోనోజీనియా యనగా ఒకే తరముగలది యని అర్థము. ఈ పేరు వెనుక ఒక ముఖ్యమైన సంగతి యున్నది. దానిని గ్రహించినగాని 1936 నాటి ఉపద్రవము బోధపడదు.

మన గొఱ్ఱెల కాపరులకు కార్జపు జలగ తెలియును. అదియు బల్లపరుపు క్రిమియే. గొఱ్ఱె కార్జములో అది పెట్టిన గ్రుడ్లు పేడతో వెలుపలికి వచ్చి నీటిలో పడును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఒక జాతి నత్తలోనికి ప్రవేశింపవలెను. నత్త లోపల అది రూపములు మార్చుచు తరములుగా పెరిగి, మరల వెలుపలికి వచ్చి గడ్డిని పట్టుకొనియుండును. ఆ గడ్డిని మరియొక గొఱ్ఱె మేసినప్పుడే జలగకు జన్మ సార్థకము. నత్త లేనిచోట ఈ జలగ వంశము నిలువదు. రోగముగల గొఱ్ఱెను తోలుకొనిపోయి నత్తలు లేని దేశమున విడిచినచో, ఆ గొఱ్ఱెతోనే వ్యాధియు అంతమగును.

మోనోజీనియా క్రిములకు ఈ చిక్కు లేదు. నత్తతో పని లేదు, రెండవ ఇంటితో పని లేదు. పురుగు చేపపై నుండి గ్రుడ్లను నీటిలోనికి విడుచును. గ్రుడ్డునుండి శైలికలుగల చిన్న డింభకము వెలువడును. శైలికలనగా కంటిరెప్పల వెండ్రుకలవంటి సూక్ష్మాంగములు. వానిని ఆడించుచు అది ఈదును. పుట్టుకతోనే దానికి కొక్కెము లుండును. దాని కున్న ఆయువు కొలది గంటలు, మహా యైన ఒకటి రెండు దినములు. ఆ లోపుగా తగిన చేప చిక్కినచో, శైలికలను విడిచి స్థిరపడి, పెరిగి తానును గ్రుడ్లు పెట్టును. చిక్కనిచో చచ్చును. ఈ క్రిములు ఉభయలింగజీవులు. ప్రతి పురుగులోను స్త్రీపురుష అవయవములు రెండును ఉండును.

ఇంత అల్పాయువుగల డింభకము విశాలమైన నీటిలో చేప నెట్లు కనుగొనును? ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు గ్రాహాం కియర్న్ 1960ల దశకము మొదలుకొని ఈ ప్రశ్నపై చాలకాలము పరిశ్రమించెను. ఆయన పరిశీలించినది నిట్షియా కుటుంబమునకే చెందిన వేరొక పురుగు. అది సోల్ అను చేప చర్మముపై నివసించును. సోల్ రాత్రియందు తిరిగి, పగటివేళ ఇసుకలో పండుకొను చేప. దాని పురుగు గ్రుడ్లు తెల్లవారిన తరువాతి మొదటి గంటలలో పొదుగునని ఆయన కనిపెట్టెను. ఇల్లు కదలక నిలిచియుండు వేళ చూచుకొని బిడ్డ బయలుదేరునన్నమాట! ఆ బిడ్డ సోల్ చర్మపు జిగురును ఇతర చేపల జిగురునుండి వేరుగా గుర్తింపగలదనియు తేలినది.

ఈ గుర్తింపు వలననే మోనోజీనియాలో ఒక్కొక్క జాతి సాధారణముగా ఒక్క చేపనో, దగ్గరి చుట్టములైన కొన్ని చేపలనో మాత్రమే ఆశ్రయించును. శాస్త్రజ్ఞులు ఆ చేపను ఆతిథేయి యందురు. నిట్షియాకు ఆతిథేయులు స్టర్జన్ జాతులు. ఇందు మేలును కీడును రెండును గలవు. స్టర్జన్ కాని చేపకు నిట్షియా భయము లేదు. కాని ఏ నీటిలో స్టర్జన్ చేపలుండునో, ఆ నీటికి పురుగున్న స్టర్జన్ ఒక్కటి చేరినను చాలును. పురుగు నిలద్రొక్కుకొనుటకు వేరేమియు అక్కరలేదు.

రెండు సముద్రములు

మధ్య ఆసియావైపున కాస్పియన్, అరల్ అను రెండు జలాశయములు కలవు. వానికి మహాసముద్రముతో సంబంధము లేదు. అయినను వాని వైశాల్యమును, ఉప్పదనమును చూచి జనులు సముద్రములనియే పిలిచిరి. కాస్పియన్ వైశాల్యము సుమారు 3,70,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపినను అంత కాదు. దానికి తూర్పున, ఎడారి పీఠభూమి కావల అరల్. 1960 నాటికి అది సుమారు 68,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి, ప్రపంచములోని సరస్సులలో నాలుగవదిగా నుండెను. అమూ దరియా, సిర్ దరియా అను నదులు దానికి ప్రాణాధారములు.

ఈ నీటిలో పూర్వకాలమునుండి స్టర్జన్ చేపలు నివసించుచుండెను. ఇవి రాక్షసబల్లులు భూమిపై తిరిగిన కాలమునుండియు వచ్చుచున్న వంశము. వీనికి మామూలు పొలుసులు లేవు. ఒడలిపై ఎముక బిళ్లలు వరుసలుగా నుండును. పొడవైన ముట్టె, దాని క్రింద నాలుగు మీసములు, అడుగువైపున నోరు. సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదులలోనికి ఎదురెక్కును. వీని గ్రుడ్లనే ఉప్పువేసి కేవియర్ అను పేర అమ్ముదురు. అది ధనికుల భోజనపు బల్లపై నుండు వస్తువు.

కాస్పియన్ సముద్రమున స్టర్జన్ జాతులు పెక్కు కలవు. వానిలో ఒకటి సెవ్రూగ. అరల్ సముద్రమునకు మాత్రము తనదని చెప్పుకొనదగిన స్టర్జన్ ఒక్కటే. రష్యన్ భాషలో దాని పేరు షిప్. ఆ మాటకు ముల్లు అని అర్థము. ఆడ షిప్ చేప గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు పది సంవత్సరములకు పైగా పట్టును. ఇట్టి చేపల మంద ఒకమారు నశించినచో మరల తేరుకొనుటకు ఎంత కాలము కావలయునో ఊహింపవచ్చును.

1930ల దశకమున సోవియట్ ప్రభుత్వము చేపల దిగుబడిని పెంచుటకై ఒకచోటి జాతులను మరియొకచోటికి తరలించు పని నారంభించెను. సెవ్రూగ విలువైనది, కాస్పియన్‌లో వర్ధిల్లుచున్నది. అరల్ నీరును దానికి సరిపడునని తోచినది. కొన్ని పదుల పెద్ద చేపలను కాస్పియన్ ప్రాంతమునుండి తెచ్చి అరల్‌లో విడిచిరి. ఆలోచన చూచుటకు సబబుగానే యున్నది. ఇచ్చట స్టర్జన్ బ్రతుకుచున్నది, అచ్చటి స్టర్జన్ ఇచ్చట ఏల బ్రతుకదు?

సెవ్రూగ అరల్‌లో స్థిరపడలేదు. దాని మొప్పలలో వచ్చిన నిట్షియా స్థిరపడినది.

1936

ఆ యేట అరల్ సముద్రమున షిప్ చేపలు పెద్దయెత్తున చచ్చినవి. వాని మొప్పలను, నోళ్లను పరిశీలించినప్పుడు ఒక్కొక్క చేపలో నిట్షియా పురుగులు వందలకొలదిగా కనబడినవి. మొప్పలు వాచి, జిగురు క్రమ్మి, ఊపిరికి పనికిరాకుండ పోయినవి.

కారణమును నిరూపించినవారు లెనిన్‌గ్రాడ్ పరాన్నజీవి శాస్త్రజ్ఞులు. ఆ పరిశోధకులకు పెద్ద వాలెంటిన్ డోగెల్. ఆయన, లుట్టా కలిసి 1937లో, షిప్ చేపల మరణమునకు హేతువులను వివరించుచు ఒక వ్యాసమును ప్రకటించిరి. వారి వాదము ఎట్టి పునాదిపై నిలిచినదో విద్యార్థులు గమనింపదగినది.

చచ్చిన చేపలో పురుగులు దొరకినంతమాత్రమున ఆ పురుగులే చంపినవని చెప్పుటకు వీలులేదు. అవి అచ్చట ఎల్లప్పుడును ఉన్నవేమో! క్రొత్తగా వచ్చినవని చెప్పవలెనన్నచో మునుపు లేవని చూపవలెను. లేనిదానిని లేదని చూపుట ఎట్లు? అదృష్టవశమున అరల్ విషయమున దానికి సాక్ష్యము సిద్ధముగా నుండెను. డోగెలును, ఆయన శిష్యుడైన బిఖోవ్‌స్కీయు అరల్ సముద్రపు చేపలను జాతి జాతిగా కోసి, వానిలోని పరాన్నజీవులను వెదకి, పట్టికలు వ్రాసి 1934లోనే ప్రచురించియుండిరి. ఆ పట్టికలో నిట్షియా లేదు. కాస్పియన్ స్టర్జన్లపై నిట్షియా కలదు. సెవ్రూగ కాస్పియన్‌నుండి వచ్చినది. ఆ తరువాతనే షిప్ చేపల మొప్పలు నిట్షియాతో నిండినవి. నాలుగు సంగతులును ఒకదాని ప్రక్క నొకటి నిలిపిన పిమ్మట సందేహమునకు తావు లేకపోయెను.

చేపల కడుపులు కోసి, పురుగులను లెక్కించి, పేర్లు వ్రాసికొనుచు కూర్చుండు పండితుని చూచి, ఇది ఏమి పని యని నవ్వువారు లేకపోలేదు. అరల్ పట్టిక సిద్ధమగుచున్న నాడు దానివలన ఎవరికి ఏమి ప్రయోజనమో ఎవరును చెప్పజాలరు. రెండేండ్లకే అది ఒక సముద్రపు ఉపద్రవమునకు సాక్షిగా నిలిచినది. ఆ పని చేసిన బిఖోవ్‌స్కీయే 1937లో మోనోజీనియాను బల్లపరుపు క్రిములలో ప్రత్యేకమైన తరగతిగా నిలుపవలెనని ప్రతిపాదించి, 1957లో వానిపై మహాగ్రంథమును వెలువరించెను.

చుట్టము, క్రొత్తవాడు

ఒక ప్రశ్న మిగిలియున్నది. కాస్పియన్‌లో అదే పురుగు అవే జాతుల చేపలపై నుండియు వానిని నిర్మూలింపలేదు. అరల్‌లో ఏల చంపినది?

పురుగునకు కోపతాపములు లేవు. రెండుచోట్లను అది చేసినపని యొకటే. మేసినది, గ్రుడ్లు పెట్టినది. భేదము చేపలో నున్నది. కాస్పియన్ స్టర్జన్లకును నిట్షియాకును తరతరముల పొందు. ఎక్కువ పురుగులకు లోబడు చేపలు ముందుగా చచ్చి, తట్టుకొనగల చేపల సంతానము మిగులుచు వచ్చును. అందుచేత అచ్చటి చేపపై పురుగులు కొలదిగానే యుండును. చేపకు బాధ స్వల్పము. అరల్‌లోని షిప్ చేప ఈ పురుగును ఎన్నడును ఎరుగదు. డింభకము వచ్చి వ్రాలినప్పుడు దానిని అడ్డగించు శక్తి ఆ ఒడలికి అలవడలేదు. వ్రాలినది వ్రాలినట్లే పెరిగి, గ్రుడ్లు పెట్టినది. పుట్టిన పిల్లలకు చేరువలోనే మరల షిప్ మొప్పలు దొరకినవి. పదులు వందలైనవి. మానవచరిత్రలోను ఇట్టి ఉదాహరణలు గలవు. మసూచికమును ఎరుగని అమెరికా ఖండపు ఆదివాసులు, ఓడలలో వచ్చిన ఐరోపావారి వలన అది సోకి లక్షలాదిగా నశించిరి.

అరల్ షిప్ చేపలలో కొన్నింటికి మాత్రము ఈ ఆపద తప్పినది. 1930ల దశకము ఆదిలోనే, తరలింపుల పథకములోని భాగముగా, కొన్ని షిప్ చేపలను తూర్పుననున్న బల్ఖాష్ సరస్సునకు తీసికొనిపోయియుండిరి. నిట్షియా అరల్‌లో ప్రబలుటకు ముందే అవి పయనమైనవి. బల్ఖాష్‌లోను, దానిలో కలియు ఇలీ నదిలోను అవి సంతానమును పెంచుకొని నిలిచినవి. ఒకే పథకము ఒకచోట మేలును, ఒకచోట కీడును చేసినది. రెండింటి నడుమ భేద మంతయు వెంటవచ్చిన పురుగులోనే యున్నది.

అరల్ చేపలవేటలో షిప్ మరల పూర్వపు స్థానమును పొందలేదు. తరువాత ఆ సముద్రమునకే చేటు మూడినది. 1960ల దశకమునుండి ప్రత్తి సాగుకై రెండు నదుల నీటిని కాలువలకు మళ్లించిరి. అరల్ ఎండి, ఉప్పదనము పెరిగి, తునకలైనది. నిట్షియా ఆ పాపములో పాలుపంచుకొనలేదు. అది పూర్తిగా మానవులు చేసినది. 2005లో కజక్‌స్తాన్‌వారు ఉత్తరభాగమునకు ఆనకట్ట కట్టిన పిమ్మట ఆ కొలది భాగమున నీరు నిలిచి, కొన్ని చేపలు మరల వచ్చినవి. కాని అరల్ షిప్ చేపల మంద మరల కనబడలేదు. నేడు షిప్, సెవ్రూగ రెండును ప్రపంచమున అంతరించు ప్రమాదము మిక్కుటముగా నున్న జాతులలో చేరియున్నవి.

అరల్ పాఠము

అరల్ పాఠము లోకమునకు ఒక్కమారుగా తలకెక్కలేదు. 1975లో నార్వే దేశపు నదులలో సాల్మన్ పిల్లలు చచ్చుట కనబడినది. అచ్చటి దోషియు మోనోజీనియాయే. పేరు గైరోడాక్టిలస్ సలారిస్. ఇది చర్మమును, రెక్కలను పట్టుకొని బ్రతుకును. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. తల్లి గర్భములో బిడ్డ, ఆ బిడ్డ గర్భములో మనుమరాలు ముందే సిద్ధమైయుండుట దీని వింత. బాల్టిక్ సముద్రపు సాల్మన్ దీనికి అలవాటుపడినది. నార్వే సాల్మన్ ఎరుగదు. పెంపకమునకై తెచ్చిన చేపలతో పురుగు వచ్చి, 50 దాకా నదులకు వ్యాపించినది. దానిని తొలగించుటకు అనేక నదులలో మందు చల్లి, ఉన్న చేపల నన్నింటిని చంపి, మరల క్రొత్తగా పెంచవలసివచ్చెను. నేడు ఈ వ్యాధి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ప్రకటించిన ముఖ్యవ్యాధుల పట్టికలో కలదు.

సముద్రములో వలగూళ్లు కట్టి చేపలను పెంచుచోటులందు మొప్పల పురుగులు మరియొక రూపమున బాధించుచున్నవి. జపానులో పెంచు పఫర్ చేప మొప్పలపై ఒక జాతి, మధ్యధరా సముద్రమున పెంచు బ్రీమ్ చేప మొప్పలపై వేరొక జాతి పెంపకందార్లకు నష్టము కలిగించుచున్నవి. జపాను పురుగు గ్రుడ్లు దండ గ్రుచ్చినట్లు పొడవైన దారములుగా వెలువడి, గూటి వలకే చిక్కుకొనును. విశాల సముద్రమున చేప కొకచోట, గ్రుడ్డొకచోట; గూటిలో రెండును ఒకేచోట. పొదిగిన పిల్లకు మూర దూరములోనే ఇల్లు. అందుచేత పెంపకందార్లు వలలను మార్చుచు, చేపలను మందునీటిలో ముంచి తీయుచు జాగ్రత్తపడుదురు.

తెలుగు తీరమునకును ఈ విషయముతో సంబంధము కలదు. పండుగప్ప మొప్పలపై నివసించు మోనోజీనియా జాతులను వై. ఆర్. త్రిపాఠి అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1950ల దశకముననే వర్ణించెను. నేడు మన కోస్తా చెఱువులలో పండుగప్పను పెంచుచున్నారు. పిల్లలను ఒకచోటినుండి మరియొకచోటికి తరలించుచున్నారు. క్రొత్తగా తెచ్చిన పిల్లలను వెంటనే చెఱువులో విడువక, కొన్ని దినములు వేరుగా నుంచి, కొన్నింటి మొప్పలను సూక్ష్మదర్శినితో పరీక్షించుట ఖర్చుతో కూడిన పని కాదు. అరల్‌లో ఆ పని జరిగియున్నచో షిప్ చేపలకు ఆ గతి పట్టియుండదు.

చేపలను తినువారు మాత్రము దీనికి భయపడనక్కరలేదు. మోనోజీనియా క్రిములు మనుష్యునకు సోకవు. మొప్పలను మనము పారవేయుదుము, చేపను వండియే తిందుము.

ఉపాధ్యాయులు ఈ విషయమును పుస్తకముతోనే ముగింపనక్కరలేదు. అంగడినుండి అప్పుడే వచ్చిన చేప నొకదానిని తెప్పించి, మూత తీసి, కత్తెరతో ఒక మొప్పను జాగ్రత్తగా కోసి గాజుపళ్లెములో ఉంచవలెను. సముద్రపు చేప యైనచో ఉప్పునీరు, చెఱువు చేప యైనచో మంచినీరు మొప్ప మునుగునంత పోయవలెను. భూతద్దముతో తంతువుల నడుమ నిదానముగా వెదకవలెను. పాఠశాలలో సూక్ష్మదర్శిని యున్నచో మరియు మేలు. ప్రతి చేపలోను పురుగు కనబడదు. ఒకటి రెండు చేపలలో కనబడకపోయినచో విసుగుపడక మూడవదానిని చూడవలెను. ఏ చేప, ఏ దినము, ఎన్ని పురుగులు అని కాగితముపై వ్రాసియుంచవలెను. లెనిన్‌గ్రాడ్ పండితులు చేసినదియు ఇంతకంటె వేరు కాదు. పని ముగిసిన పిమ్మట చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

ఏదో యొక దినమున ఎఱ్ఱని తంతువుల నడుమ దారపు తునకవంటి తెల్లనిది ఒకటి, ఒక కొన అంటుకొనియుండగా రెండవ కొనను చాచి అటునిటు వెదకుచు కనబడును. ఆ దృశ్యమును ఒకమారు చూచిన బాలుడు గాని బాలిక గాని, అంగడిలో మొప్పను ఎత్తినప్పుడు రంగును మాత్రమే చూచి మూత వేయరు.